నాలుగు వందల నిమిషాల ఫోటో

ఆ సోమవారం బడి మధ్యాహ్నం ఒంటిగంటకే వదిలేశారు. గలగల ఇంటికొచ్చి, బ్యాగు కుర్చీలో పడేసి, చెప్పులు విప్పకుండానే కబుర్లు మొదలుపెట్టింది.

"అమ్మా, ఇవాళ సైన్సు టీచరు గారికి ఎక్కిళ్ళొచ్చాయి. పాఠం మధ్యలో పదకొండు సార్లు! మేమందరం లెక్కపెట్టాం. పన్నెండోది వస్తుందనుకుంటే..."

"చెప్పులు," అంది అమ్మ, కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండా.

ఆ పిల్లకి అసలు పేరు ఒకటుంది. అది బడి రిజిస్టరులో భద్రంగా ఉండేది. మిగతా అందరికీ ఆమె గలగలే. నిద్రలో కూడా మాట్లాడుతుందని నాన్న ఆటపట్టించేవాడు. అందులో అబద్ధమేమీ లేదు.

పదేళ్ళ గలగలకు ఆ ఇంట్లో రెండు ఉద్యోగాలు. మొదటిది అమ్మ ఫోనులో. అమ్మ పిల్లల గౌన్లు కుట్టేది. కుట్టిన ప్రతి గౌనుకీ ఇరవై ఫోటోలు తీసేది. ఒకదాంట్లో గౌను వంకరగా ఉండేది, ఇంకోదాంట్లో అమ్మ బొటనవేలు పడేది. ఫోను నిండిపోయి మొరాయించేది. అప్పుడు గలగల రంగంలోకి దిగేది. ఇరవైలోంచి మంచిది ఒకటి ఏరి, మిగతా పంతొమ్మిదీ చకచకా తీసేసేది. ఆ పనిలో ఆమెకు తిరుగులేదు.

రెండో ఉద్యోగం అత్త ఇచ్చింది. బడి నుంచి రాగానే అత్త కెమెరా బ్యాటరీని ఛార్జింగులో పెట్టాలి.

అత్త అంటే నాన్న చెల్లెలు. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం. గలగల పుట్టక ముందు నుంచీ ఆ ఇంట్లోనే, వీధివైపు గదిలో ఉండేది. ఇప్పుడు వేరే ఊరికి బదిలీ అయింది. వచ్చే ఆదివారమే ప్రయాణం. అత్త లేని ఇల్లు ఎలా ఉంటుందో గలగలకు తెలియదు. ఎప్పుడూ చూడలేదు కదా.

వెళ్ళేలోపు అత్తకి ఒక్క కోరిక ఉంది. ఒక గెలాక్సీని ఫోటో తీయాలి.

అత్త దగ్గర ఒక టెలిస్కోపు ఉంది. రిటైరైన డ్రాయింగు మాస్టారి దగ్గర సెకండ్‌హ్యాండులో కొన్నది. గొట్టానికి రెండు చోట్ల టేపు చుట్టి ఉండేది. రోజూ అన్నం తిన్నాక ఇద్దరూ దాన్ని డాబా మీదికి మోసేవాళ్ళు. అత్త గొట్టం వైపు పట్టుకుంటే, గలగల స్టాండు వైపు. స్టాండు మూడు కాళ్ళు పెట్టడానికి నేల మీద మూడు తెల్ల సున్నాలు గీసి ఉండేవి. పక్కన చాప, ఫ్లాస్కు, ఎర్ర కాగితం చుట్టిన టార్చిలైటు. చిన్న మోటారు ఒకటి గుర్రుమంటూ, నక్షత్రాలతో పాటే గొట్టాన్ని మెల్లగా తిప్పేది.

"సప్తర్షి మండలం చూశావా? దానికి కాస్త పక్కన ఉంది మన గెలాక్సీ," అని అత్త మొదటి రోజే చూపించింది. "అక్కడ నక్షత్రాలు పుట్టే జోరు ఇంతా అంతా కాదు. గుంపులు గుంపులుగా పుడుతున్నాయి. అలాంటిదాన్ని స్టార్‌బర్స్ట్ గెలాక్సీ అంటారు. ఆ ధాటికి దాని నడుము దగ్గర్నుంచి ఎర్రటి వాయువు పొగలాగా ఎగజిమ్ముతోంది. ఆ ఎర్రపొగ మన ఫోటోలో పడాలి, కోడలా."

"ఎంత దూరం అత్తా?"

"అక్కడి వెలుగు మన డాబా మీదికి రావడానికి కోటీ ఇరవై లక్షల ఏళ్ళు పట్టింది."

"అది బయలుదేరినప్పుడు మన వీధి ఉందా?"

"వీధి కాదు, మనుషులే లేరు."

"అయితే అమ్మకి గౌన్లు కుట్టే పనే లేదన్నమాట!"

అత్త పడీపడీ నవ్వింది. ఆ నవ్వుకి స్టాండు కదిలి, ఆ ఫోటో పాడైంది.

ఒక్కో ఫోటోకి ఒక నిమిషం. ఆ నిమిషంలో డాబా మీద నడవకూడదు, గెంతకూడదు. మాట్లాడొచ్చు. గలగలకు అంతకన్నా ఏం కావాలి? రోజుకి నలభై ఫోటోలంటే నలభై నిమిషాల కబుర్లు. అత్త మోకాళ్ళ మీద గడ్డం ఆనించి, ఊఁ కొడుతూ అన్నీ వినేది. అంత ఓపికగా వినే మనిషి గలగలకు తర్వాత ఎన్నేళ్ళకీ దొరకలేదు.

అలా బుధవారం నుంచి ఆదివారం దాకా ఐదు సాయంత్రాలు గడిచాయి.

ఆ సోమవారం మధ్యాహ్నం గలగల అత్త బీరువా తెరిచింది. పాత స్వెట్టరులో చుట్టి ఉన్న కెమెరాని బయటికి తీసింది. వెనక తెర వెలుగుకి చీకట్లో కళ్ళు చెదురుతాయని అత్త దాని మీద నల్ల టేపు అంటించింది. గలగల ఆ టేపు అంచు కాస్త ఎత్తి చూసింది.

రెండు వందల ఫోటోలు. అన్నీ నల్లగా ఉన్నాయి. మధ్యలో బియ్యపు గింజంత మసక గీత. ఒకదాని మీంచి విమానం గీతలా వెళ్ళింది. ఒకదాంట్లో నక్షత్రాలు వణికాయి. ఎర్రపొగ మాత్రం ఎందులోనూ లేదు.

"పాపం అత్త!" అనుకుంది గలగల. "పెట్టెలు సర్దుకునే హడావిడిలో ఇవన్నీ ఎప్పుడు ఏరుకుంటుంది?"

ఏరడం గలగలకు వెన్నతో పెట్టిన విద్య. మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. గంటసేపు ముందుకీ వెనక్కీ తిప్పి చూసింది. చివరికి నూట ముప్పై ఏడోది నచ్చింది. గీత అందులోనే కాస్త స్పష్టంగా ఉంది. దాన్ని ఉంచి, మిగతా నూట తొంభై తొమ్మిదీ తీసేసింది. "నిజంగా తీసెయ్యాలా?" అని కెమెరా అడిగింది. గలగల ధైర్యంగా అవునని నొక్కింది.

తర్వాత బ్యాటరీని ఛార్జింగులో పెట్టింది. చాలా మంచి పని చేశానని మురిసిపోయింది.

ఆ సాయంత్రం డాబా మీద చాప పరిచీ పరచకముందే, "అత్తా, నీకో మంచి వార్త చెప్పనా?" అంది.

"ఉండు, మొదటిది తీయనీ." అత్త వైరు చివరున్న మీట నొక్కింది. కెమెరా టక్కుమంది. "రెండు వందల ఒకటి! సగం దాటాం, కోడలా. శుక్రవారానికి నాలుగు వందలూ అయిపోతాయి."

"అన్ని ఎందుకత్తా? మంచిది ఒకటి చాలుగా?"

"అయ్యో, ఆ సంగతి నీకు చెప్పనేలేదు కదూ! నువ్వు చెప్పనిస్తేగా." అత్త నవ్వింది. "ఒక్కో ఫోటోలో పడే వెలుగు చిటికెడు. ఒక్కదాంట్లో మసక గీత తప్ప ఏమీ కనిపించదు. నాలుగు వందల్నీ కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేరిస్తే, అప్పుడు బయటపడుతుంది ఎర్రపొగ. మీ అమ్మ గౌను కుట్టాక, బాగున్న కుట్టు ఒకటుంచి మిగతావన్నీ విప్పేస్తుందా?"

గలగల కెమెరా మీది నల్ల టేపు వైపు చూసింది.

"ఇంతకీ ఏంటా మంచి వార్త?"

"సైన్సు టీచరు గారికి ఎక్కిళ్ళొచ్చాయి," అంది గలగల.

ఆ తర్వాత ముప్పై తొమ్మిది నిమిషాలు ఆమె నోరు విప్పలేదు. మోటారు గుర్రుమనడం అంత గట్టిగా వినిపించడం అదే మొదటిసారి.

రేపు చెబుదామనుకుంది. మంగళవారం అత్త ఆసుపత్రి నుంచి తలనొప్పితో వచ్చింది. ఇవాళ వద్దులే అనుకుంది. బుధవారం అత్త తోటి ఉద్యోగులు ఇచ్చిన గోడ గడియారాన్ని అందరికీ చూపిస్తూ సంబరంగా ఉంది. ఈ సంబరం పాడుచెయ్యడమెందుకులే అనుకుంది. చెప్పకపోవడానికి రోజుకో కారణం దొరికేది. కానీ ముద్ద మాత్రం గొంతు దిగేది కాదు.

"గలగలకి ఏమైంది? గొంతునొప్పా?" అని అమ్మ వేడినీళ్ళు ఇచ్చింది. గలగల తాగేసింది. నొప్పి గొంతులో అయితే కదా తగ్గడానికి.

మంగళవారం నలభై, బుధవారం నలభై. ఆ నిమిషాలన్నీ మాటల్లేకుండానే గడిచిపోయాయి.

గురువారం మబ్బు పట్టింది. అత్త సాయంత్రం పెందలాడే వచ్చి, "ఇవాళ ఎలాగూ కుదరదు, ఉన్నవి కంప్యూటర్లో వేసేస్తాను," అంటూ కార్డు తీసింది. గలగల తలుపు పక్కన నిలబడి చూస్తోంది.

కంప్యూటరు లెక్క చూపించింది. నూట ఇరవై ఒకటి.

అత్త కార్డు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టింది. మళ్ళీ నూట ఇరవై ఒకటే. అత్త ముఖం పాలిపోయింది.

"కార్డు పాడైనట్టుంది వదినా," అంది అమ్మతో, నీరసంగా. "పాత కార్డు. కొత్తది కొనాల్సింది. ఏ రోజువి ఆ రోజు కాపీ తీసుకోవాల్సింది. నాదే బుద్ధితక్కువ."

గలగల ఏమీ అనకపోయినా ఇక ఎవరికీ తెలియదు. తప్పు కార్డు మీదికి వెళ్ళిపోయింది. కార్డుకి నోరు లేదు. కానీ అత్త తనని తాను తిట్టుకుంటుంటే వినడం గలగల వల్ల కాలేదు.

"కార్డు కాదత్తా. నేను," అంది. అంతే, ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే అంతా చెప్పింది. నూట ముప్పై ఏడో ఫోటో సంగతి కూడా.

అత్త కుర్చీలోంచి లేచింది. కార్డు పర్సులో వేసుకుంది. "చెప్పులు వేసుకో," అంది.

కంప్యూటర్లు బాగుచేసే షాపు రెండు వీధుల అవతల ఉంది. షాపాయన కార్డుని తన మిషనులో పెట్టాడు.

"తీసేసిన ఫోటోలు వెంటనే చెరిగిపోవు పాపా," అన్నాడు గలగలతో. "వాటి చోటు మాత్రం ఖాళీ అని రాసుకుంటుంది. ఆ చోట్లో ఇంకో ఫోటో వచ్చి పడ్డాకే పాతది పోతుంది. ఎప్పుడు తీసేశావు?"

"సోమవారం."

"ఆ తర్వాత దీంతో మళ్ళీ ఏమైనా తీశారా?"

"నూట ఇరవై," అంది అత్త మెల్లగా.

"అయ్యో! సోమవారమే తెచ్చుంటే అన్నీ వచ్చేవండీ."

గంటన్నర పట్టింది. డెబ్బై తొమ్మిది ఫోటోలు దొరికాయి. నూట ఇరవై పోయాయి. గలగల నోరు మూసుకున్న ఒక్కో సాయంత్రానికీ నలభై చొప్పున.

తిరిగొచ్చేటప్పుడు అత్త గబగబా నడిచింది. వీధి మలుపు దగ్గర ఆగింది.

"నాకు కోపంగా ఉంది, కోడలా. లేదని అబద్ధం చెప్పను. నువ్వు తీసేసినందుకు కాదు. నాకు సాయం చేద్దామనే చేశావు. నేను కూడా ముందే వివరంగా చెప్పలేదు. కానీ మూడు రోజులు నా పక్కనే కూర్చున్నావు కదా. నీకు భయం వేసిందని నాకు చెప్పొచ్చు కదా. నేను ఎవర్ని?"

గలగల అత్త చేతిని పట్టుకుంది. అత్త వదిలించుకోలేదు.

శుక్రవారం మబ్బు. శనివారం వాన. దొరికిన డెబ్బై తొమ్మిదీ, ఏరి ఉంచిన ఒకటీ, తర్వాతి నూట ఇరవై కలిపి మొత్తం రెండు వందలు. అత్త వాటిని పేర్చి చూసింది. మసక గీత కాస్తా అందమైన వెండి కదురులా తేలింది. దాని నడుము దగ్గర ఎరుపు ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు.

"పర్లేదు, బాగానే వచ్చింది," అంది అత్త. ఆమె గొంతులో నిరాశ గలగలకు తెలిసిపోయింది.

ఆదివారం పెట్టెలు ఆటోలోకి ఎక్కాయి. కొత్త ఊళ్ళో అత్తది ఒక్క గది, కిటికీ ఎదురుగా వీధిదీపం. అందుకని టెలిస్కోపు ఇక్కడే ఉండిపోయింది. అత్త ఆటో ఎక్కబోతూ కెమెరా సంచీ వైపు చూసింది. తర్వాత గలగల వైపు చూసింది. ఓ క్షణం ఆలోచించింది. సంచీ గలగల భుజానికి తగిలించి, ఛార్జరు చేతిలో పెట్టింది.

"రోజూ ఛార్జింగు పెట్టడం మర్చిపోకు," అంది.

ఆటో మలుపు తిరిగాక గలగల అత్త గదిలోకి వెళ్ళింది. గోడకి ఖాళీ మేకు ఉంది. బీరువాలో అత్త వాడే పౌడరు వాసన ఇంకా పోలేదు. అప్పుడు గలగలకు ఒక సంగతి అర్థమైంది. తను తీసేసినవి నల్లటి ఫోటోలు కావు. ఒక్కోటీ అత్త పక్కన చాప మీద కూర్చున్న ఒక నిమిషం. విమానం వెళ్ళిన నిమిషం, అత్త నవ్వితే స్టాండు కదిలిన నిమిషం. తను అవన్నీ పనికిరావనుకుంది.

మర్నాడు సాయంత్రం ఆకాశం తేటగా ఉంది.

"నాన్నా, గొట్టం వైపు పట్టుకుంటావా?" అంది గలగల.

నాన్నకి సప్తర్షి మండలం కూడా తెలియదు. గలగలే చూపించింది. స్టాండు కాళ్ళు మూడు తెల్ల సున్నాల్లో పెట్టింది. బియ్యపు గింజను వెతకడానికి అరగంట పట్టింది. మొదటి ఫోటో తీశాక నాన్న లేచి ఒళ్ళు విరుచుకోబోయాడు.

"కదలకూడదు! మాట్లాడొచ్చు," అంది గలగల.

"ఏం మాట్లాడాలి?"

"ఏదైనా. అత్త చిన్నప్పటి సంగతులు చెప్పు."

నాన్న చెప్పాడు. అత్త చిన్నప్పుడు నాన్న వాచీ ఎలా నడుస్తోందో చూద్దామని విప్పేసిందట. మళ్ళీ బిగించలేక, వారం రోజులు పరుపు కింద దాచిందట. గలగల కిందపడి నవ్వబోయి, స్టాండు గుర్తొచ్చి నోరు నొక్కుకుంది.

మబ్బుల్లేని ఐదు సాయంత్రాలు దొరకడానికి మూడు వారాలు పట్టింది. ఏ రోజు ఫోటోలు ఆ రోజే నాన్న కంప్యూటర్లో కాపీ అయ్యేవి. ఒక్కటీ తీసెయ్యలేదు. వణికినవీ ఉంచింది, మబ్బు తునక అడ్డొచ్చినవీ ఉంచింది.

ఐదో సాయంత్రం, ఇరవై మూడో ఫోటో తీస్తుండగా చల్లగాలి వేసింది. దుప్పటి కోసం లేచిన గలగల కాలు స్టాండుకి ఠపీమని తగిలింది. గొట్టం పక్కకి తిరిగిపోయింది. మోటారు కిర్రుమంది.

నాన్న నోరు తెరిచేలోపే గలగల ఫోను అందుకుంది.

"అత్తా! తప్పు చేశాను. కాలు తగిలింది. స్టాండు కదిలిపోయింది. మోటారు ఏదోలా చప్పుడు చేస్తోంది."

"ఎప్పుడు?"

"ఇప్పుడే! కాలు ఇంకా మండుతోంది."

అవతల అత్త గట్టిగా నవ్వింది. ఎన్ని రోజులైందో ఆ నవ్వు విని! "ముందు మోటారు ఆపు. ఆపావా? కాలిని మళ్ళీ సున్నాలో పెట్టు. ఇప్పుడు గొట్టం మీదున్న చిన్న దుర్భిణిలోంచి చూస్తూ మెల్లగా జరుపు. నేను ఫోను పెట్టనులే. నువ్వు మాట్లాడుతూ ఉండు."

గలగల మాట్లాడుతూనే ఉంది. మిగిలిన పదిహేడు ఫోటోలూ అయ్యేదాకా.

కార్డు కొరియరులో వెళ్ళింది. పది రోజులకి అత్త దగ్గర్నుంచి అట్టపెట్టె వచ్చింది. అందులో రెండు ఫోటోలు ఉన్నాయి.

మొదటిదాంట్లో వెండి కదురు నిండుగా మెరుస్తోంది. దాని నడుము దగ్గర్నుంచి పైకీ కిందికీ ఎర్రపొగ, ఎక్కడా అనుమానం లేకుండా, చిమ్ముతోంది. వెనక అత్త చేతిరాత: "నాలుగు వందల నిమిషాలు. నీవి, నావి, మీ నాన్నవి."

రెండోదాంట్లో గెలాక్సీయే లేదు. నక్షత్రాలన్నీ ఒకేసారి పక్కకి జారిపడ్డట్టు కొక్కేల్లా వంకరపోయాయి. అది కాలు తగిలిన ఇరవై మూడో ఫోటో. దాని వెనక ఇలా రాసి ఉంది: "దీన్ని పేర్చడానికి కుదరలేదు. లెక్కకి తగ్గిన ఆ ఒక్కటీ నేనే మా కిటికీలోంచి తీసి కలిపానని నాన్నకి చెప్పు, నమ్ముతాడేమో చూద్దాం. ఇది నా ఎక్స్‌రే గదిలో పెట్టుకున్నాను, కోడలా. ఇంకో కాపీ నీకు."

అమ్మ మిషను ఆపి వచ్చి రెండూ చూసింది. అత్త గది గోడకి ఉన్నది ఒక్కటే మేకు.

"ఏరడంలో నీ అంతటిది లేదుగా," అంది. "ఏది పెడదాం?"

గలగల రెండు ఫోటోలనీ గుండెకి ఆనించుకుంది.

"ఇంకో మేకు కావాలి," అంది.